ట్రిమ్ సెన్సర్ మార్చే ముందు

రంభ రేవు బోట్లు తిరిగేది చిలికా ఉప్పునీళ్ళలో. అందుకే ముందు వైరుని అనుమానించండి, తర్వాతే ట్రిమ్ సెన్సర్‌ని. డ్రైవ్, అంటే బోటు వెనక ప్రొపెల్లర్ ఉండే భాగం, ఎంత పైకి లేచిందో గేజ్‌కి చెప్పేది ఇదే. దాని వైర్లు విప్పి, మల్టీమీటర్ పెట్టి, డ్రైవ్‌ని పైకీ కిందికీ ఆడించండి. ఓమ్స్ గెంతకుండా మెల్లగా మారుతుంటే కొత్తది కొనే పనిలేదు. మార్చక తప్పకపోతే ఇలా:

- బోటు ట్రెయిలర్ మీదికి, చక్రాలకి రాళ్ళు. బ్యాటరీ నెగటివ్ విప్పాలి.
- పైకెత్తిన డ్రైవ్ కింద దుంగ ఉండాలి. హైడ్రాలిక్‌ని నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు.
- మెర్‌క్రూజర్ కంపెనీ డ్రైవ్‌కి ఇలాంటివి రెండుంటాయి. ముందుకి చూసి నిలబడితే, ఎడమది లిమిట్ స్విచ్ (డ్రైవ్ మరీ పైకి లేవకుండా ఆపేది), కుడిది గేజ్‌కి చెప్పే సెన్సర్. తారుమారు కానివ్వకండి.
- పాత వైరు దారి ఫోటో తీసుకోండి. కొత్తదాన్ని కాస్త వదులుగా కట్టాలి. నేనోసారి బిర్రుగా కట్టాను, స్టీరింగ్ తిప్పగానే పుటుక్కుమంది.
- వైరు బోటులోకి దూరే చోట సీలు.
- బ్యాటరీ తగిలించి, డ్రైవ్ పూర్తిగా దించి, గేజ్ ముల్లు అడుగుకి వచ్చేదాకా సెన్సర్ తిప్పాకే స్క్రూలు బిగించాలి.