ఇంజిన్ చప్పుడు ఎక్కడిదో స్క్రూడ్రైవర్‌తో తెలుసుకోండి

బండి స్టార్ట్ చేయగానే టకటకమని చప్పుడు వస్తుంది, ఎక్కడి నుంచో మాత్రం అంతుపట్టదు. ఇంజిన్ విప్పించే ముందు పది నిమిషాలు ఇలా చూడండి.

ఆరుబయట, సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఉంచండి. ముందు ఇంజిన్ ఆయిల్ మట్టం చూడండి. తక్కువగా ఉంటే పోశాకే మిగతా పని. ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా) ఉంచి, ఒక చెక్క ముక్కతో సైలెన్సర్ కవర్, నంబర్ ప్లేట్, మడ్‌గార్డ్ ఒక్కొక్కటిగా నొక్కండి. నొక్కగానే చప్పుడు ఆగితే అక్కడి బోల్టు వదులైనట్టే. నా బండికి సైలెన్సర్ కవర్ బోల్టు అరచుట్టు బిగిస్తే సరిపోయింది. అంతకుముందు రెండు వారాలు ఇంజిన్ పోయిందనే దిగులుతో తిరిగాను.

అప్పటికీ ఆగకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకోండి. మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు తాకించండి, చెవి లోపల మాత్రం పెట్టకండి. పైన హెడ్ కవర్ దగ్గర టిక్‌టిక్ గట్టిగా వినిపిస్తే చాలావరకు ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) సందు పెరిగి ఉంటుంది. పక్కన సిలిండర్ వెంబడి గరగర వస్తే టైమింగ్ చైన్‌ను (ఇంజిన్ లోపల వాల్వులను నడిపే గొలుసును) అనుమానించాలి. ట్యాపెట్లు సరిచేసేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులతో), మాన్యువల్‌లోని కొలత ప్రకారం.

కింది భాగంలో దబ్‌దబ్‌మని బరువైన మోత వస్తుంటే ఈ పద్ధతి చాలదు. వెంటనే ఆపేసి, బండిని నడపకుండా మెకానిక్ దగ్గరికి చేర్చండి. చూస్తున్నంతసేపూ చున్నీ, వదులు చొక్కా చేతులు వెనక చక్రం చైన్ దగ్గరికి పోనివ్వకండి.