తల్లి లేని గుర్రపుపిల్లను పెంచి, పాలు మాన్పించే విధానం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు ఏజెన్సీలో కొండదారుల వెంబడి సంతకు సరుకులు మోసే పొట్టి గుర్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి చోట ఈనిన గుర్రం చనిపోతే, ఇంట్లో ఉన్న పాలేవో పట్టి పిల్లను బతికించుకోవచ్చునని ఇంటివారు ఆశపడతారు. ఆ ఆశ సరైనదే. కాని ఏ పాలు, ఎంత, ఎన్నిసార్లు అన్న లెక్క తప్పితే పిల్ల రెండు మూడు రోజుల్లోనే నీరసించిపోతుంది.

అన్నిటికన్నా ముందు చూడవలసినది ముర్రుపాల సంగతి. గుర్రపుపిల్లకు రోగాలను తట్టుకొనే శక్తి గర్భంలో ఉండగా అందదు, ముర్రుపాల ద్వారానే అందుతుంది. ఆ శక్తినిచ్చే పదార్థాలను పేగులు రక్తంలోకి పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి 6 గంటలు ముఖ్యం. అందుచేత తల్లి అప్పుడే కన్నుమూసినా, అది అంటురోగంతోనో విషం వల్లనో చనిపోలేదని తెలిస్తే, మనసు రాకపోయినా వెంటనే పొదుగు పితికి చిక్కగా, పసుపుపచ్చగా ఉండే ఆ పాలను తీయాలి. 20 కిలోల పిల్లకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు మూడు నాలుగు విడతలుగా పట్టించాలి. ముర్రుపాలు దొరకని పిల్లను ఆ రోజే పశువైద్యునికి చూపించాలి, ఎందుకంటే 24 గంటలు దాటిన తరువాత ఆ లోటును రక్తనాళంలోకి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించి మాత్రమే పూడ్చగలరు. ధనుర్వాతం గుర్రాలకు తొందరగా సోకుతుంది కాబట్టి దానికి సూది వేయించడం, బొడ్డుకు క్రిమినాశకమైన 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం అద్దడం, నల్లని తొలి లద్దె పడిందో లేదో గమనించడం కూడా ఆ మొదటి రోజు పనులే.

పిల్లను చనిపోగొట్టుకున్న ఆడగుర్రం దగ్గరలో ఎక్కడైనా ఉంటే అంతకన్నా మంచి మార్గం లేదు, కనుక సంతకు వచ్చే గుర్రాలవాళ్లందరినీ అడిగి చూడాలి. ఆ గుర్రం ముక్కుపుటాలకు కర్పూరపు లేపనం రాసి, దాని పాలనే పిల్ల ఒంటికి పూసి, ఇద్దరు మనుషులు పట్టుకొని కుడిపిస్తే రెండు మూడు రోజుల్లో అది పిల్లను చేరదీయవచ్చు. అది పూర్తిగా ఒప్పుకొనే వరకు ఆ రెంటినీ ఒంటరిగా వదలరాదు.

అలా కుదరనప్పుడు పాలు మనమే కలపాలి. గుర్రపుపాలలో వెన్న 2 శాతానికి మించదు, చక్కెర మాత్రం 6 శాతం పైగా ఉంటుంది. గేదెపాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది కాబట్టి అవి పనికిరావు. గుర్రపుపిల్లల కోసం తయారైన పాలపొడి దొరికితే అదే వాడాలి. దొరకకపోతే 1.5 శాతం వెన్న ఉండే డబుల్ టోన్డ్ పాకెట్ పాలలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్ పొడి కలిపి గోరువెచ్చగా ఇవ్వాలి. ఇంట్లో వాడే పంచదార, బెల్లం, తేనె కలిపితే పిల్లకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. మేకపాలు ఏమీ కలపకుండానే పట్టవచ్చు, ఎత్తైన బల్లమీద నిలబెట్టిన పాడిమేక దగ్గర నేరుగా కుడిచి పెరిగిన పిల్లలు కూడా ఉన్నాయి.

మొదటి రోజు పిల్ల బరువులో పదో వంతు పాలు సరిపోతాయి. పది రోజులకల్లా దాన్ని మెల్లగా పెంచి ఐదో వంతుకు తేవాలి, అంటే 20 కిలోల పిల్లకు 2 లీటర్లతో మొదలుపెట్టి 4 లీటర్లకు చేరాలి. తల్లి దగ్గరున్న పిల్ల గంటకు ఎన్నోసార్లు కొద్దికొద్దిగా కుడుస్తుంది కాబట్టి, మొదటి మూడు రోజులు రాత్రింబగళ్లు ప్రతి రెండు గంటలకు ఒకసారి పట్టక తప్పదు. రెండో వారంలో మూడు నాలుగు గంటలకు ఒకసారి, నెల నిండాక రోజుకు నాలుగుసార్లు ఇస్తే చాలు. సీసాతో పట్టేటప్పుడు పిల్ల నిలబడి, మెడ ముందుకు చాచి కుడవాలి. మూతిని కళ్లకన్నా పైకెత్తి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసాకన్నా వెడల్పాటి గిన్నె మేలని నా అభిప్రాయం. పాలలో ముంచిన వేలు చీకనిచ్చి, గిన్నెను మూతి దగ్గరికి తేవాలే గాని తలను గిన్నెలోకి నొక్కకూడదు.

పిల్ల పాలు మానినా, చతికిలబడినా, ఒంటి వేడి 38.9 డిగ్రీలు దాటినా తెల్లవారే దాకా ఆగవద్దు, చంటిపిల్ల స్థితి గంటల్లోనే దిగజారుతుంది. లంబసింగి వంటి చోట్ల చలికాలపు రాత్రులు గడ్డకట్టించేలా ఉంటాయి కాబట్టి పొడి వరిగడ్డి మందంగా పరిచి, ఒంటిమీద గోనెపట్టా కట్టాలి.

రెండో వారం నుంచి నానబెట్టి ఉడికించిన ఉలవలు, లేత గరిక గుప్పెడు చొప్పున అలవాటు చేయాలి. తవుడు ఒక్కటే పెడితే అందులోని భాస్వరం వల్ల ఎముకలు చెడతాయి కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం చేర్చాలి. కోళ్ల దాణా గాని, మోనెన్సిన్ అనే మందు కలిసిన పశువుల దాణా గాని గుర్రానికి ప్రాణాంతకం, పొరపాటున కూడా దగ్గర పెట్టకూడదు. పిల్ల పెద్ద గుర్రం లద్దె తింటే కంగారు పడనక్కరలేదు, పీచు అరిగించే సూక్ష్మజీవులు కడుపులోకి చేరేది అలాగే.

తల్లి దగ్గరున్న పిల్లకు నాలుగు నుంచి ఆరు నెలలకు పాలు మాన్పిస్తారు. చేతిమీద పెరిగే పిల్లకు మూడో నెలకే మాన్పించవచ్చు. దాని బరువులో నూరో వంతు దాణా రోజూ తింటూ, గడ్డి, నీళ్లు బాగా తీసుకుంటున్నదని నిర్ధారించుకొని, రెండు వారాల పాటు ఒక్కొక్క పూట తగ్గిస్తూ పోవాలి. మధ్యలో బరువు తగ్గితే అక్కడే ఆగి మళ్లీ చూడాలి.

పాలంత ముఖ్యమైనది తోడు. మనుషుల మధ్యనే పెరిగిన పిల్ల మనిషిని సాటి గుర్రంగా భావించి, ముద్దుగా మీదికి కాళ్లెత్తుతుంది. అదే చేష్ట రెండేళ్ల తరువాత చేస్తే ఎముకలు విరుగుతాయి, అప్పుడు తప్పు గుర్రానిదని కొట్టి, అమ్మేస్తారు. అందుకే మొదటి వారం దాటగానే నెమ్మదైన ముసలి గుర్రాన్నో, విత్తులు కొట్టిన మగగుర్రాన్నో తోడుగా కట్టాలి. గుర్రమేదీ లేకపోతే మేకైనా పరవాలేదు. పాలగిన్నె పెట్టి పక్కకు తప్పుకోవాలి, ఇంట్లోని చిన్నపిల్లలను దానితో కుస్తీ ఆటలు ఆడనివ్వకూడదు, తలతాడు వేసి నడిపించడం, గిట్టలు పట్టనివ్వడం మాత్రం రోజూ కొద్దిసేపు నేర్పాలి.