స్థానిక వన్యప్రాణుల అభయారణ్యానికి బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అన్నిటికన్నా ముందు పాదరక్షలను చూసుకోవాలి. వేరొక అడవిలో తిరిగిన బూట్లకు అంటుకున్న మట్టిలో బయటి ప్రాంతపు కలుపు విత్తనాలే కాక, కప్పల చర్మాన్ని దెబ్బతీసి ఎన్నో జాతులను అంతరింపజేసిన కైట్రిడ్ శిలీంధ్రం కూడా దాగి ఉండవచ్చు కనుక, బురదను బ్రష్‌తో పూర్తిగా తొలగించి, క్రిమిసంహారక ద్రావణంతో కడిగి, బాగా ఆరబెట్టిన తరువాతనే వాటిని ధరించాలి. కెమెరా స్టాండ్లకూ ఇదే వర్తిస్తుంది.

పెంపుడు కుక్కను ఇంటి వద్దనే ఉంచాలి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి 1994లో టాంజానియాలోని సెరెంగెటి సింహాలకు సోకి, వాటిలో దాదాపు మూడో వంతును బలిగొన్నది. టీకాలు వేయించిన కుక్క వల్ల కూడా, నేలపై గూడు కట్టే పక్షులు బెదిరి గుడ్లను వదిలిపోయే ప్రమాదం ఉంటుంది.

జలుబు, దగ్గు ఉన్నవారు, ముఖ్యంగా వానర జాతులున్న చోటికి, ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

తినుబండారాలను మూత బిగిసే డబ్బాలలోనే పెట్టుకోవాలి. ఫ్లాష్‌ను ముందే ఆపివేయాలి.

అభయారణ్య సిబ్బంది ఫోన్ నంబరును తప్పక రాసుకోవాలి. అనేక జాతుల జింకలు పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళతాయి కాబట్టి, ఒంటరిగా కనిపించిన పిల్లను అనాథగా భావించి తాకకుండా, దూరం నుంచే సిబ్బందికి తెలియజేయడం సరైన పని. అరుదైన జంతువుల ఫోటోలు వేటగాళ్లకు దారి చూపకుండా, ఫోన్‌లో లొకేషన్ నమోదును కూడా నిలిపివేయాలి.