ఆర్క్‌మ్యాప్ పైథాన్ యాడిన్‌లో డ్రాప్‌డౌన్ జాబితా ఎప్పటికప్పుడు మారాలంటే ఎలా?

ఆర్క్‌మ్యాప్ అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్; యాడిన్ అంటే దానికి మనం పైథాన్‌లో రాసి తగిలించే చిన్న టూల్. జిల్లా ఎంచుకోగానే పక్క పెట్టెలో మండలాలు మారాలి. రొయ్యల గుంటల లేయర్‌ను ఇప్పుడే మ్యాప్‌లో వేస్తే ఆ పేరు మూడో పెట్టెలో కనబడాలి. అడిగేది ఇంతే.

ఆర్క్‌మ్యాప్ 10.1 గానీ ఆపై వెర్షన్ గానీ, పైథాన్ యాడిన్ విజార్డ్ ఉంటే చాలు. ఆర్క్‌జీఐఎస్ ప్రోలో ఇది నడవదు. విజార్డ్‌లో ఒక టూల్‌బార్, మూడు కాంబో బాక్సులు (డ్రాప్‌డౌన్ పెట్టెలు) పెట్టి, ఐడీలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చి సేవ్ చేయండి. ఒక్కో పెట్టె కోడ్ ఉండే క్లాసులు అదే రాసిపెడుతుంది.

అసలు తంటా ఇక్కడ మొదలవుతుంది. లేయర్ల పేర్లు తెచ్చే కోడ్‌ను చాలామంది క్లాసులోని ఇనిట్ (__init__) ఫంక్షన్‌లో రాస్తారు. ఇనిట్ నడిచేది ఒక్కసారే, యాడిన్ లోడయ్యేటప్పుడు. మీరు పని చేయబోయే మ్యాప్ అప్పటికి తెరుచుకునే ఉండదు. తర్వాత ఎన్ని లేయర్లు వేసినా జాబితా కదలదు. ఇనిట్‌లో ఐటమ్స్‌ను, అంటే పెట్టెలో కనబడే జాబితాను, ఖాళీగా వదలండి. పనంతా పెట్టెను క్లిక్ చేసినప్పుడు నడిచే ఆన్‌ఫోకస్ (onFocus) ఫంక్షన్‌లో చేయండి: ప్రస్తుత మ్యాప్ డాక్యుమెంట్ తీసుకోవాలి, ఐటమ్స్ ఖాళీ చేయాలి, లిస్ట్‌లేయర్స్ ఇచ్చిన పేర్లు ఒక్కొక్కటే చేర్చాలి. ఖాళీ చేయడం మరిచారా, క్లిక్ చేసినప్పుడల్లా అవే పేర్లు మళ్ళీ కింద చేరుతుంటాయి.

ఆన్‌ఫోకస్ రెండుసార్లు వస్తుంది: పెట్టెలోకి వెళ్ళినప్పుడు ట్రూ, బయటికి వచ్చినప్పుడు ఫాల్స్. మొదటి వరుసలోనే ‘ఇఫ్ ఫోకస్డ్’ అని రాయకపోతే పని రెండింతలు. పెద్ద టేబుల్ చదివించే చోట ఆర్క్‌మ్యాప్ బిగుసుకుపోతుంది.

కొందరు ఇదంతా ఎక్స్‌టెన్షన్ ఈవెంట్లలో చేస్తారు. లేయర్ చేరినప్పుడు ఒకటి, తీసేసినప్పుడు ఒకటి, డాక్యుమెంట్ తెరిచినప్పుడు ఇంకొకటి. పెట్టె ముట్టుకున్నప్పుడే జాబితా కట్టుకుంటే పోయేదానికి అంత హైరానా ఎందుకు?

జిల్లా–మండలం జత వేరు. జిల్లా పెట్టెలో ఎంపిక మారగానే నడిచే ఆన్‌సెల్‌చేంజ్ (onSelChange)లో మండలం పెట్టెను దాని ఐడీతో పిలిచి ఐటమ్స్ మార్చండి, వాల్యూ (పెట్టెలో ఎంచుకుని ఉన్న పేరు) ఖాళీ చేయండి, చివర రిఫ్రెష్ పిలవండి. వాల్యూ వదిలేస్తే ప్రకాశం ఎంచుకున్నా పక్కన నెల్లూరు జిల్లా మండలం ఇందుకూరుపేట అలాగే కూర్చుంటుంది. ఆ ఎంపికతోనే బటన్ నొక్కితే తప్పు మ్యాప్ వస్తుంది.

మండలాల పేర్లు కోడ్‌లో రాయొద్దు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాకు, చీరాల బాపట్లకు మారాయి; పేర్లు కోడ్‌లో ఉంటే యాడిన్ మళ్ళీ కట్టి ప్రతి మెషీన్‌లో వేయాలి. టేబుల్ వరుసలు చదివే సర్చ్‌కర్సర్‌తో పేర్లు టేబుల్ నుంచే తీసుకోండి, ఖాళీ విలువలు వదిలేయండి, సెట్‌తో డూప్లికేట్లు తీసి వరస పెట్టండి. పేర్లు తెలుగులో ఉంటే ఎస్‌టీఆర్ (str) వాడొద్దు; ఆర్క్‌మ్యాప్‌లో ఉన్నది పైథాన్ 2.7, ఎర్రర్ ఇస్తుంది. యూనికోడ్‌గానే ఉంచండి.

ఆర్క్‌మ్యాప్ మూసి, యాడిన్ ఫైల్ కట్టే మేక్‌యాడిన్ స్క్రిప్ట్ నడిపి, వచ్చిన ఫైల్ ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ తెరవండి. పెట్టె బదులు ‘మిస్సింగ్’ అని కనబడితే ముందు స్క్రిప్ట్‌లో ఇండెంటేషన్ చూడండి.