జావా ట్రిప్‌కి ముందు: అగ్నిపర్వతం వాగుల దగ్గర జాగ్రత్తలు

వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బాబాయి వాళ్ళు ఈ క్రిస్మస్ సెలవులకి పిల్లల్ని తీసుకుని బాలి, అక్కడి నుంచి జావా వెళ్తున్నారు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఫోన్‌లో హోటల్ చూపించి, "మెరాపీ కొండ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది కదరా, ఇంకేం టెన్షన్?" అన్నాడు. మెరాపీ అంటే జావాలోని అగ్నిపర్వతం. చూస్తే ఆ హోటల్ సరిగ్గా దాని వాగు ఒడ్డున ఉంది. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. బెంగళూరు నుంచి ఈ సీజన్‌లో వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి, బాబాయికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

అగ్నిపర్వతం వాలు మీద బూడిద, ఇసుక, రాళ్ళు వదులుగా పడి ఉంటాయి. పెద్ద వాన పడితే అదంతా నీళ్ళతో కలిసి వాగుల్లోకి దిగుతుంది. దీన్ని లహార్ అంటారు, జావా వాళ్ళ మాటే అది. అది ఎలా ఉంటుందో చూడాలంటే మీ అపార్ట్‌మెంట్ పక్కన స్లాబ్ వేస్తున్నప్పుడు మిక్సర్ లారీ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. తొట్టిలోంచి కాంక్రీటు జారుతుంటే కంకర అడుక్కి దిగిపోదు, ఆ చిక్కటి ముద్దే దాన్ని మోసుకుంటూ పోతుంది. లహార్ కూడా అంతే, కాకపోతే కంకర బదులు కారు అంత బండలుంటాయి. నీటికన్నా దాదాపు రెట్టింపు బరువు. దారిలో గట్లు కోసుకుంటూ, చెట్లు కలుపుకుంటూ బయల్దేరినప్పటికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎంత దూరం పోతుందనేది వాలు ఒక్కదాని మీదే ఉండదు. పొడి రాళ్ళు జారితే కొండ కింద కొంచెం దూరంలోనే ఆగిపోతాయి. నీళ్ళు, బూడిద, రాళ్ళు ఎక్కువై, ఇరుకు లోయలో పడితే మాత్రం ఆగదు. కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ ఎత్తు 5,321 మీటర్లు. 1985 నవంబరు 13 రాత్రి అది పేలి, పైన మంచు కరిగి, బురద 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆర్మెరో ఊరిని ముంచేసింది. దిగిన ఎత్తుకి పద్నాలుగు, పదిహేను రెట్ల దూరం! అక్కడికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఊరు ఖాళీ చేయించడానికి ఆ టైం ఉంది, చేయించలేదు. ఆ రాత్రి 20 వేల మందికి పైగా పోయారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మెరాపీ విషయానికొస్తే, 2010లో పేలిన తర్వాత 2011 జనవరిలో పుతిహ్ వాగు వెంట దిగిన బురద, జుమోయో దగ్గర మగెలాంగ్–జోగ్జకార్తా మెయిన్ రోడ్డునే కప్పేసింది. శిఖరానికి అది 20 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందుకే బాబాయి లెక్క నాకు నచ్చలేదు.

పేలుడు లేకపోతే ప్రమాదం లేదనుకోవద్దు. సుమత్రాలో మరాపీ (పేరు దగ్గరగా ఉన్నా అది వేరే కొండ) 2023 డిసెంబరులో బూడిద పోసింది. వాన, వరద 2024 మే 11 రాత్రి వచ్చాయి, 60 మందికి పైగా చనిపోయారు. కాబట్టి అక్కడి ప్రభుత్వం నడిపే మాగ్మా ఇండోనేషియా సైట్‌లో మీరు వెళ్ళే కొండ ఏ హెచ్చరిక లెవెల్‌లో ఉందో చూసుకోండి (తక్కువ నుంచి ఎక్కువకి నార్మల్, వస్పాదా, సియాగా, ఆవాస్ అని నాలుగుంటాయి), దాంతోపాటు కొండ మీద వాన సంగతీ చూడండి.

రూం బుక్ చేసే ముందు మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టండి. మామూలు మ్యాప్‌లో సన్నటి నీలం గీతగా కనిపించే వాగు, ఇందులో వెడల్పాటి బూడిద రంగు ఇసుక చారగా కనిపిస్తుంది. ఆ చార పక్కన, ముఖ్యంగా వంపు బయటి ఒడ్డున, ఉన్న గది వద్దు. వంపు దగ్గర బురద గట్టెక్కుతుంది. లోయ దాటి నేల విచ్చుకునే చోటు కూడా మంచిది కాదు, అది అక్కడే పరుచుకుంటుంది. పొలం మధ్య ఒంటరి బండరాయి కనిపిస్తే అది ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి. వాగుకి బాగా ఎత్తున్న గట్టు మీద రూం తీసుకోండి, పొద్దున వ్యూ తగ్గినా పర్వాలేదు.

మెరాపీ జీప్ టూర్లో బండి కునింగ్ వాగు నీళ్ళలోకి దిగి చిందులు వేస్తుంది. పిల్లలకి అదే సరదా. పొద్దున్నే వెళ్ళండి, కొండ మీద వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది. కింద ఎండ కాస్తున్నా పైన కుండపోతగా కురుస్తుండొచ్చు. మబ్బు కొండని కప్పేసి ఉంటే వాగులోకి దిగొద్దని డ్రైవర్‌తో గట్టిగా చెప్పండి.

గూడ్స్ రైలు వస్తున్నట్టు మోత, కాళ్ళ కింద నేల అదరడం, వాగులో నీళ్ళు ఉన్నట్టుండి చిక్కబడటం లేదా తగ్గిపోవడం: వీటిలో ఏది కనిపించినా ఫోన్ తీయకండి. వాగు వెంబడి కిందికి పరిగెత్తొద్దు, వంతెన దాటొద్దు. పక్కనున్న గట్టెక్కి పైకి పోవాలి. ఒక దఫా పోయిందని సామాన్ల కోసం దిగకండి. 2024 జూలై 30న వయనాడ్‌లో చూశాం కదా. అది అగ్నిపర్వతం కాదు, అయినా బురద, బండలు దాదాపు 8 కిలోమీటర్లు పోయాయి. అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున మరోసారి వచ్చింది.

డ్రైవర్‌కి ఇంగ్లీషు రాకపోతే కొండ వైపు చెయ్యి చూపించి "ది అతాస్ హుజాన్?" అనండి. పైన వాన పడుతోందా అని అర్థం. బాబాయి చేత పదిసార్లు అనిపించాను.