ఒక నిమిషం యానిమేషన్‌కు రంగులు ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండకు పాత పేరు నీలగిరి. లతీఫ్ సాహెబ్ గుట్ట కింద నిలబడి చూస్తే రాళ్లు నల్లగా, గోధుమ రంగులో ఉంటాయి. ఊరు దాటి చాలా దూరం వెళ్లి వెనక్కి చూడండి, అదే గుట్ట నీలంగా తేలుతుంది. మధ్యలో ఉన్న గాలి నీలి వెలుతురును ఎక్కువగా చెదరగొట్టడమే దానికి కారణం. యానిమేషన్‌లో రంగులు వేసేవాళ్లు ముందు పట్టుకోవలసింది ఇదే. గుట్టకు ఏ రంగు వేయాలని కాదు, ఈ సీన్‌లో, ఈ వెలుతురులో అది ఏ రంగులో కనబడాలని అడగాలి.

ఒక చిన్న కథ తీసుకుందాం. సద్దుల బతుకమ్మ ముందు రోజు ఒక పాప తంగేడు పూల కోసం చెల్కల్లోకి వెళ్తుంది. పొద్దుగూకుతుంది, దారి తప్పుతుంది. దూరంగా అమ్మ పట్టుకున్న లాంతరు వెలుగు చూసి ఇల్లు చేరుతుంది.

ముందు చిన్న డబ్బాలు గీయండి

కాగితం మీద అగ్గిపెట్టెంత డబ్బాలు ఎనిమిది గీసి, ఒక్కో దాంట్లో ఒక్కో సీన్‌కు రంగు మచ్చలు మాత్రమే వేయండి. కళ్లూ ముక్కూ వద్దు. దీన్నే కలర్ స్క్రిప్ట్ అంటారు. పగటి డబ్బాల్లో ఎర్ర చెల్క, పసుపు పూలు. దారి తప్పిన చోట రంగులు చల్లబడి నీలం, ఊదా. చివర్లో మళ్లీ వెచ్చని నారింజ. ఎనిమిదీ వరుసగా చూస్తే మాట లేకుండానే కథ తెలియాలి. తెలియకపోతే అక్కడే మార్చుకోండి. సెకనుకు 12 బొమ్మలు వేసినా నిమిషానికి 720 అవుతాయి, అన్నీ గీశాక రంగు మార్చడం ఎంత కష్టమో ఊహించుకోండి.

తర్వాత రంగు తీసేసి చూడండి

నా మొదటి బొమ్మలో పాపకు ఎర్ర లంగా వేసి ఎర్ర నేల మీద నడిపించాను. నాకు రెండూ వేరు వేరు ఎరుపులే. చూసినవాళ్లకు మాత్రం పాప నేలలో కలిసిపోయింది. రెండింటి వెలుగు స్థాయి ఒకటే కావడం వల్ల అలా అయింది. రంగుకు మూడు గుణాలు ఉంటాయి: అది ఏ రంగు, ఎంత గాఢంగా ఉంది, ఎంత వెలుగుగా లేదా చీకటిగా ఉంది. బొమ్మను కంటికి విడదీసి చూపడంలో ఎక్కువ పని చేసేది మూడోది. అందుకే బొమ్మలు గీయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ క్రిటాలో అన్నిటికంటే పైన ఒక ఫిల్టర్ లేయర్ (కింది బొమ్మ కనబడే తీరు మార్చే పొర) పెట్టి, డీసాచురేట్, అంటే రంగు తీసేయడం, ఎంచుకోండి. బొమ్మంతా బూడిద రంగులోకి మారుతుంది. అప్పుడు కూడా పాప ఎక్కడుందో వెంటనే కనబడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని ప్రేక్షకులకూ దీనివల్ల మేలు.

రంగులు తగ్గించండి

పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చేనేత బట్ట చూడండి. సంప్రదాయంగా అందులో ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. అయినా కన్ను అలసిపోదు. సీన్ మొత్తం పరుచుకునే రంగు ఒకటి, దానికి తోడు ఇంకొకటి, చూపు ఆగవలసిన చోట కొంచెం మూడోది. మొదట్లో అంతకు మించి వద్దని నా సలహా.

ఆ మూడోది ఎదురు రంగైతే బాగా పలుకుతుంది. కుంచె పట్టేవాళ్ల చక్రంలో పసుపుకు ఎదురు ఊదా. కంప్యూటర్ తెర వెలుతురుతో పని చేస్తుంది కాబట్టి అక్కడ పసుపుకు ఎదురు నీలం. మన కథకు రెండూ కలిసొస్తాయి: నీలం, ఊదా కలిసిన చీకట్లో పాప ఒళ్లోని తంగేడు పూలు వెలుగుతాయి. ఆ పసుపును మిగతా సీన్లలో పొదుపుగా వాడండి, అంతటా పూస్తే ఇక్కడ బలం ఉండదు.

పక్క రంగు ప్రభావం చూడాలంటే పేర్చిన బతుకమ్మ ముందు కాసేపు కూర్చోండి. అదే తంగేడు పసుపు, తెల్ల గునుగు పక్కన ఒకలా, రంగద్దిన ముదురు గునుగు పక్కన ఇంకోలా ఉంటుంది. పువ్వు మారలేదు, పొరుగు మారింది.

చీకటికి నలుపు వాడకండి

పాప పగటి రంగులను అలాగే ఉంచి, పైన మల్టిప్లై మోడ్‌లో (కింది రంగులతో కలిసి వాటిని ముదురు చేసే పద్ధతి) ఒక లేయర్ వేసి నీలి ఊదా నింపండి. ఒంటి రంగు, లంగా, పూలు అన్నీ ఒకే రాత్రిలోకి వస్తాయి. నలుపు నింపితే బొమ్మ మసిబారుతుంది. తంగేడు పూల మీద ఆ లేయర్‌ను కొంచెం తుడవండి, లేకపోతే పసుపు వెలగదు. లాంతరు వెలుగు పడిన చోట కూడా తుడిచి, కొంచెం నారింజ అద్దండి. నీడలకూ ఇదే పద్ధతి.

చివరగా వీడియోను ఫోన్లో, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ఆరుబయట ఎండలో ఒకసారి చూడండి. అలా చూసేవాళ్లూ ఉంటారు. అప్పుడు పాప కనబడకపోతే మళ్లీ ఆ ఎనిమిది డబ్బాల దగ్గరికే వెళ్లండి.