షెల్ పాఠాలు – 9: జిరాక్స్ మీద దిద్దితే అసలు మారదు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. ఒక ఫైలులో 'ఎక్స్‌పోర్ట్ ఊరు=తెనాలి' అని ఒక్క లైను రాసి, దాన్ని నడిపి, తర్వాత 'ఎకో $ఊరు' కొట్టమన్నాను. (ఎప్పటిలాగే కమాండ్లను పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. మన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామే షెల్, మనం వాడే షెల్ బాష్. అది తెలుగు వేరియబుల్ పేర్లను ఒప్పుకోదు.) ఖాళీ లైను వచ్చింది కదా? ఎర్రర్ కూడా లేదు.

ఇదే నన్ను ఒకప్పుడు సగం రోజు తిప్పలు పెట్టింది. పర్మిషన్ లేదేమో అనుకున్నాను, స్పెల్లింగ్ తప్పేమో అనుకున్నాను, చివరికి మెషిన్ రీస్టార్ట్ కూడా చేశాను. స్క్రిప్టులో తప్పేమీ లేదు. అది తన పని చేసింది, కాకపోతే తన ఇంట్లో చేసుకుంది.

స్క్రిప్టు పేరు కొట్టగానే షెల్ ఫోర్క్‌తో తన నకలుగా ఒక చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. పుట్టించిన షెల్ దానికి పేరెంట్. ఆ చైల్డ్ ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌తో (అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌ను ఒక పని అడగడం) కొత్త ప్రోగ్రామ్‌గా మారుతుంది. ఈ కాల్‌కు మూడు ఇవ్వాలి: ప్రోగ్రామ్ ఎక్కడుందో, దాని ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ జాబితా (ఎక్స్‌పోర్ట్ చేసిన పేర్లు, వాటి విలువలు). ఆ మూడోదాన్ని కెర్నల్ కొత్త ప్రాసెస్ మెమరీలోకి కాపీ చేస్తుంది. అంటే పాస్‌బుక్ జిరాక్స్ తీసి చేతిలో పెట్టినట్టు. జిరాక్స్ మీద పెన్నుతో ఎంత దిద్దినా బీరువాలోని పాస్‌బుక్ మారదు.

'పేరెంట్ ఎన్విరాన్‌మెంట్ మార్చు' అనే సిస్టమ్ కాల్ ఏదైనా ఉందేమోనని వెతకకండి, లేదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను మార్చే సెట్‌ఎన్వ్ కూడా సిస్టమ్ కాల్ కాదు. అది సీ లైబ్రరీలోని మామూలు ఫంక్షన్, పిలిచిన ప్రాసెస్ మెమరీలోని జాబితాను మారుస్తుంది, అంతే.

యూనిక్స్ తయారు చేసినవాళ్లకూ ఇలాంటి దెబ్బే తగిలింది. పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద ఫోర్క్ పెట్టాక, డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందని వాళ్లలో ఒకడైన డెన్నిస్ రిచీ తర్వాత రాశాడు. కారణం మన కథే: కమాండ్ కోసం పుట్టిన చైల్డ్ తన డైరెక్టరీ మార్చుకుని వెంటనే చచ్చిపోయేది, షెల్ ఉన్నచోటే ఉండేది. అందుకే ఆ కమాండ్‌ను షెల్ తన ప్రాసెస్‌లోనే నడిపేలా మార్చారు. ఇవాళ డైరెక్టరీ మార్చడానికి మనం కొట్టే సీడీ కూడా షెల్ లోపలిదే.

మరి మన ఊరు సంగతి? మార్చడం చైల్డ్ వల్ల కాదు కాబట్టి పేరెంటే మార్చుకోవాలి. ఫైలును నడపకుండా 'సోర్స్ ఫైలుపేరు' అని కొట్టండి, లేదా సోర్స్ బదులు ఒక చుక్క పెట్టి ఖాళీ వదలండి. అప్పుడు కొత్త ప్రాసెస్ పుట్టదు, మీ షెల్లే ఆ లైన్లను చదివి నడుపుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను సోర్స్‌తోనే యాక్టివేట్ చేయమనేది ఇందుకే. ఒక్క జాగ్రత్త: ఆ ఫైలులో ఎగ్జిట్ ఉంటే మీ టెర్మినలే మూసుకుపోతుంది.

సోర్స్ షెల్ భాషలో ఉన్న ఫైలుకే పనికొస్తుంది. మీ ప్రోగ్రామ్ పైథాన్‌లోనో సీలోనో ఉంటే అది ఏం మార్చాలో అచ్చు వేయాలి, దాన్ని షెల్ అమలు చేయాలి. వేరే మెషిన్లలోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కీలను గుర్తుపెట్టుకునే ఎస్ఎస్‌హెచ్-ఏజెంట్ సరిగ్గా ఇలాగే చేస్తుంది. ఉత్తినే నడిపితే 'ఎస్ఎస్‌హెచ్_ఆథ్_సాక్=...; ఎక్స్‌పోర్ట్ ...' లాంటి లైన్లు తెర మీద పడతాయి. ఏజెంట్ వెనకాల నడుస్తూనే ఉంటుంది కానీ మీ షెల్‌కు దాని ఊసే తెలియదు. సరైన పద్ధతి ఇది:

ఇవాల్ "$(ఎస్ఎస్‌హెచ్-ఏజెంట్ -ఎస్)"

లోపలి కమాండ్ అచ్చు వేసినదాన్ని ఇవాల్ మీరే కొట్టినట్టుగా నడిపేస్తుంది. భయపడాల్సింది కూడా అక్కడే. మీ ప్రోగ్రామ్‌లో డీబగ్ కోసం పెట్టిన ప్రింట్ కూడా కమాండ్ అయిపోతుంది. అలాంటివన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు (ఎర్రర్ మెసేజ్‌ల కోసం ఉన్న వేరే దారి, ఇవాల్‌కు అందదు) పంపండి. విలువల్లో స్పేస్, సెమికోలన్ ఉండొచ్చు కాబట్టి పైథాన్‌లో షెలెక్స్ మాడ్యూల్‌లోని కోట్ ఫంక్షన్‌తో చుట్టి అచ్చు వేయండి. ప్రతిసారీ ఇవాల్ కొట్టడం విసుగనిపిస్తే బాష్ మొదలైనప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి.

జీడీబీ అనే డీబగర్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి తొంగిచూసే సాధనం) పేరెంట్ మెమరీలో చేయి పెట్టొచ్చుగా అని అడిగేవాళ్లు ఉంటారు. సరదాకి చేయొచ్చు. కానీ ఉబుంటులో మామూలు సెట్టింగ్ ప్రకారం రూట్ కాని ప్రాసెస్ తన సంతానానికే డీబగర్ తగిలించగలదు, కన్నవాళ్లకు కాదు. నిజం పనుల్లో దీని జోలికి పోకండి.

ఇంకో చిక్కు. మార్పు జరిగిందో లేదో చూద్దామని, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్ డైరెక్టరీలోని ఎన్విరాన్ ఫైలు తెరిస్తే మోసపోతారు. అది సాధారణంగా ప్రాసెస్ మొదలైనప్పటి జాబితానే చూపిస్తుంది, తర్వాత చేసిన ఎక్స్‌పోర్ట్ అందులో కనిపించదు.

వచ్చే పాఠం పైపుల గురించి. ఈలోగా బాష్‌లో 'ఎకో తెనాలి | రీడ్ ఊరు' కొట్టి, కింది లైనులో 'ఎకో $ఊరు' చూడండి. తర్వాత ఇదే జెడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్‌లో చేయండి. రెండు చోట్లా జవాబు ఒకటి కాదు. బాష్‌లో ఆ రీడ్ ఏ ప్రాసెస్‌లో నడిచిందో ఒక కాగితం మీద బొమ్మ గీసుకుని రండి.